గింజ గిత్తలకి, చారు మనకి

నలభై ఆరు గ్రాములు, నాన్నా. నలభై రోజుల కిందటి వరకు, రోజు మొత్తం మీద నా ఒంట్లోకి పోయిన ప్రోటీన్ అదీ. నేను మాత్రం కాగితం మీద డెబ్బై తొమ్మిది అని రాసుకుని మురిసిపోయా.

ఆగు, లేవకు. గిత్తని తోముతూనే విను. ఆరు కిలోల ఉలవలు తగ్గాయని పొద్దున షబ్బీర్ మావని రేపట్నుంచి రావద్దన్నావు కదా? పదకొండేళ్ళు మన పందెం గిత్తల్ని సాకిన మనిషిని. ఆ ఆరు కిలోల సంగతే చెప్తున్నా.

వారానికి నూటపది కిలోమీటర్లు పరిగెడుతున్నా. మిరప చేల గట్ల మీద కొంత, సత్తెనపల్లి రోడ్డు మీద కొంత. వచ్చే నెల గుంటూరులో పదివేల మీటర్ల సెలక్షన్. అట్లాంటిది మూడు కిలోలు తగ్గిపోయా. మెట్లు దిగాలంటే గోడ పట్టుకున్నా. నువ్వేమన్నావు? పరుగు మానెయ్, కండ అదే పడుద్ది అన్నావు.

మా కోచ్ షారోన్ మేడం ఆ మాట అనలా. తిన్నదంతా రాసుకుని రమ్మంది. మామూలు మనిషికి కిలో బరువుకి ఒక గ్రాము లోపే చాలంట. ఇంత పరుగు పరిగెత్తేవాడికి దానికి రెట్టింపు కావాలంట, లేకపోతే ఒళ్ళు తన కండని తానే తింటుందంట. నా అరవై కిలోలకి ఆవిడ వేసిన లెక్క నూట ఎనిమిది.

రాశా. అన్నం, పప్పు, మజ్జిగ, వేరుశనక్కాయలు, అన్నీ కలిపి నలభై ఆరు. దాని కింద, ఉలవలు నూటయాభై గ్రాములు, ముప్పై మూడు. రోజూ అన్ని ఉలవలు ఎట్లా తింటున్నావని అడిగింది. చారు మేడం, అన్నా. చిక్కగా, రెండు గ్లాసులు.

"మరి గింజేదిరా?"

"గిత్తలకి మేడం."

నవ్వినా బాగుండేది. నవ్వలా. ముప్పై మూడు మీద అడ్డంగా గీత కొట్టింది. చారులోకి దిగేది పిసరంతేనంట. అసలు సరుకంతా గింజలోనే ఉండిపోద్దంట.

మన తెలివి చూడు మరి. తాతల నాటి నుంచి చారు తాగి మీసం తుడుచుకుని, ఉలవల బలం అంటే మనదే అంటాం. గింజ తినేది ఎవరు? బండ లాగేది ఎవరు? పందెం నెల రోజులు ఉందనగా నువ్వే గిత్తకి సోలెడు ఎక్కువ పోస్తావు. ఎందుకు? పని పెరిగింది గనక. నా పని పెరగలేదా? నీకు తెలియని లెక్కేం కాదు నాన్నా, నాకంటే నీకే బాగా తెలుసు. ఆ లెక్క కొట్టం దాటి ఇంట్లోకి రాలేదు, అంతే.

అడిగితే ఇచ్చేవాడివా? దాణా తింటావేరా అని ఊరంతా వినేట్టు నవ్వేవాడివి. అందుకే అడగలా. రోజూ సాయంత్రం గిత్తల ఉలవలు ఉడికే కాగులో నూటయాభై గ్రాములు ఎక్కువ పోశా, పొద్దున వార్చాక నా వాటా నేను తిన్నా. నీ గిత్తల నోటి దగ్గరది ఒక్క గింజ ముట్టలా. వార్చేది షబ్బీర్ మావే కదా, మొదటి రోజే కనిపెట్టాడు. ఏం అడక్కుండా నా గిన్నె పక్కన పెట్టేవాడు.

నలభై రోజులు, నూటయాభై చొప్పున. ఎంతయింది? నువ్వన్న ఆరు కిలోలే. గ్రాము తేడా లేదు. బరువు తగ్గడం ఆగింది. మెట్లకి గోడ అక్కర్లేదు. తిన్నందుకు నాకేం సిగ్గు లేదు. రేపూ తింటా, నీ ఎదురుగ్గానే తింటా.

సిగ్గు వేరే దానికి.

పొద్దున నువ్వు మావని అంత మాట అంటుంటే నేనెక్కడున్నా? ఆ స్తంభం పక్కనే. నోరు విప్పలా. ఎట్లా విప్పను, నోటి నిండా ఉలవలే. మావ నా దవడ వంక చూశాడు. చూసి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నీకు ఒక్క మాట చెప్పలా.

నాలుగుసార్లు నమిలితే మింగేవాణ్ణే. మింగాక కూడా నేను చెప్పలా.

అట్లా చూడకు. కొట్టాలంటే తర్వాత కొట్టు. ఇంకా ఇరవై తొమ్మిది గ్రాములు లోటుంది నాకు, అది గుడ్లతోనో పెరుగుతోనో పూడ్చుకుంటా. మావ ఇల్లు నాలుగు కిలోమీటర్లు. బండి తాళం నీ దగ్గరే ఉంచు, పదహారు నిమిషాల్లో పోతా. ఆయన వస్తానంటే వచ్చేటప్పుడు నడిచే వస్తాం. ఆయన ముందు, నేను వెనక. మేం వచ్చేసరికి నువ్వు ఆ కాగు దగ్గరే ఉండు, రావద్దన్న మాట నువ్వే వెనక్కి తీసుకోవాలి.

బూట్లు కట్టుకుంటున్నా.