మస్కట్‌లో ఈత నేర్పే పిల్ల

ఏటీ, నాకు పానం బాగోలేదని సెప్పాలా? మంచం పట్టీసేను, రేపో మాపో అన్నట్టు ఉన్నాను, ఒకపాలి వచ్చి మొకం సూపించి ఎళ్ళిపోవే అని సెప్పాలా? నా మనవరాలికి? నా నోటితో?

కూకోరా రాజుబాబూ. గుమ్మంలో నిలబడి సెప్పే మాట కాదిది. ఆ పీట లాక్కుని కూకో. ముందా ఫోను జేబులో పెట్టు.

ఇప్పుడే సేపలమ్ముకుని వచ్చి బుట్ట దించేను. సేతులకి ఇంకా సేప వాసన పోలేదు. అచ్యుతాపురం కంపెనీకి ఆదివారం సెలవు గావాల, మనవడు అమ్మమ్మని సూడ్డానికి అనకాపల్లి దాకా వచ్చేడనుకుని మురిసిపోయేను. నువ్వొచ్చింది దీనికా.

నన్ను బాగా సూడు. పొద్దున్నుంచీ గవరపాలెం వీధులన్నీ తిరిగి, బేరమాడిన ప్రతీ మనిషితోనీ తగువేసుకుని వచ్చేను. కాళ్ళు గట్టివే. గొంతు అంతకంటే గట్టిది. నాకేటి రోగం?

మీ అమ్మ సెప్పమన్నాదా. అదే అనుకున్నాను. నా కడుపున పుట్టినదే కదా పైడితల్లి, దాని బుర్ర ఎటు తిరుగుతాదో నాకు తెలవదా. ముసిల్ది పోతాదంటే ఆ పిల్ల ఆగదు, పరిగెట్టుకొచ్చేత్తాది. వచ్చేక పాస్‌పోర్టు తీసి ఏ బియ్యం డబ్బాలోనో దాసేత్తే ఇంకెక్కడికెళ్తాది. అదే కదా మీ తల్లీకొడుకుల ఆలోసన. తల దించుకోకు. నీ మొకమే సెప్తన్నాది.

ఈ నెలాఖరుకి ఆ పిల్ల మస్కట్‌లో, ఈత క్లబ్బోళ్ళ కాయితం మీద సంతకం పెట్టాల. ఇన్నాళ్ళూ ఇంకొకర్తి కింద పని సేసినాది. సంతకం పెడితే ఆడోళ్ళ ఈత అంతటికీ ఇదే పెద్ద కోచ్. ఈ నాలుగు రోజుల్లో అక్కడ లేదనుకో, ఆ కుర్సీ ఏరొకర్తిది. అది నీకూ తెలుసు, మీ అమ్మకీ తెలుసు. తెలిసే కదా, సరిగ్గా ఈ వారమే నాకు రోగం వచ్చినాది.

మీ మావ ఎల్లారావు సముద్రం మీద ఉన్నాడు కాబట్టి బతికిపోయేవు. తన కూతురికి ఇలాటి ఫోను సెయ్యమన్నావని ఆడి సెవిన పడితే, నిన్ను వలలో సుట్టి పూడిమడక దాకా ఈడ్సుకెళ్తాడు.

మీరిద్దరూ నాకు ఒకటేరా. నువ్వు నా కూతురి కొడుకువి, దుర్గాలక్ష్మి నా కొడుకు కూతురు. మీ పెళ్ళిలో ఎవరి వైపు కూకోవాలో తెలీక పందిరి మధ్యలో కూకున్నాను. అందరూ నవ్వేరు, నానూ నవ్వేను. ఇయ్యాల మాత్రం నవ్వు రావట్లేదు.

అది మస్కట్ ఎళ్ళేటప్పుడు కంపెనీ బస్సులో మిఠాయిలు పంచిందెవరు? నువ్వు కాదూ? నా పెళ్ళాం ఫారిన్‌లో స్విమ్మింగ్ కోచ్ అని సీటు సీటుకీ ఎళ్ళి సెప్పుకున్నావు. ఇప్పుడు అదే బస్సులో ఎనక సీటోడెవడో నవ్వేడంట. నీ పెళ్ళాం ఏ బట్టలేసుకుని నీళ్ళల్లో దిగుతాదిరా అన్నాడంట. ఆడికి జవాబు సెప్పలేక నా కాడికొచ్చేవు.

సెప్పాల్సింది. మెడ కాడ్నించి మడమల దాకా కప్పే బట్టేసుకుంటాది, అక్కడ మగపురుగు కనపడదు, తలుపు కాడ కాపలా కూడా ఆడమనిషే అని సెప్పాల్సింది. నీకు తెలిత్తే కదా సెప్పడానికి. అడిగితే కదా తెలిసేది. ఫోను సేత్తే ఎప్పుడొత్తావు, ఎప్పుడొత్తావు, అదొక్కటే పాట. ఏటి తిన్నావని అడగవు. ఇయ్యాల నీళ్ళల్లో ఏటయిందని అడగవు. నాను అడుగుతాను. అందుకే నాకు తెలుసు. ఇను.

ఎళ్ళిన కొత్తలో దాన్ని నీళ్ళల్లోకే దించలేదురా. కోచ్ అని పిలిపించుకుని, తువ్వాళ్ళు అందించే పనిలో పెట్టేరు. తడినేల తుడిసే పనిలో పెట్టేరు. వైజాగులో అపార్టుమెంటు పిల్లలందరికీ ఈత నేర్పిన పిల్ల, జిల్లా తరపున ఎళ్ళి కప్పులు తెచ్చిన పిల్ల, తుడుపుకర్ర పట్టుకుని గట్టు మీద నిలబడినాది. పక్కనే ఎవరో పిల్లలకి తప్పుగా నేర్పుతుంటే సూత్తా నిలబడినాది.

నీకు సెప్పలేదు. ఎలా సెప్తాది? బావ అంతమందికి మిఠాయిలు పంచీసేడు నాయినమ్మా, ఇప్పుడే నోటితో సెప్పను అన్నాది. నీ పరువు అది మోసినాది, తెలుసా? అంత దూరంలో, తుడుపుకర్రతో పాటు.

గదిలో నలుగురంట. ఒకర్తిది ఫిలిప్పీన్సు, ఒకర్తిది కెన్యా, ఒకర్తిది కేరళ. ఇది సేపల పులుసు పెడితే ఆ ఫిలిప్పీన్సు పిల్ల గిన్నె కూడా నాకీసినాదంట. కేరళ పిల్ల మాత్రం పులుపెక్కువయిందని వంక పెట్టినాదంట. ఎండాకాలం కుళాయి తిప్పితే అన్నీ మరిగిన నీళ్ళే. ఒంటికున్న ఉప్పు వాసన పోయి, మునిసిపాలిటీ ఆళ్ళు కాలవల్లో జల్లుతారే, ఆ బ్లీచింగు వాసన పట్టీసినాదంట. వీడియోలో సూత్తే జుట్టు కొబ్బరిపీచులా ఉన్నాది. అదేటే తల్లీ అంటే, కొలను నీళ్ళల్లో మందు కలుపుతారు నాయినమ్మా అని నవ్వినాది.

సెలవు దొరికిన రోజున సముద్రం కాడికెళ్ళినాదంట. సూత్తే, అల లేదంట. ఇదేటి సముద్రం నాయినమ్మా, జొరమొచ్చి పడుకున్నట్టున్నాది అన్నాది. అక్కడే ఇసకలో కూకుని నాకు ఫోను సేసి, నువ్వు పూడిమడక ఎళ్ళినప్పుడు ఫోను అలల కాడ పట్టుకో అన్నాది. పట్టుకున్నాను మరి. మనుషులు సూసి, ముసిల్దానికి మతి పోయిందనుకున్నారు. అనుకోనీ.

ఏటీ, ఇదంతా ఎందుకంటావా? అడ్డు రాకు. అసలు కత ఇప్పుడొత్తాది.

ఆ క్లబ్బుకి ఒక ముసలామె వచ్చేదంట. నా ఈడుదే. మోకాళ్ళ నొప్పులు, డాక్టరు నీళ్ళల్లో నడవమన్నాడంట. కోచ్‌లందరికీ ఆమె అంటే ఇసుగు. మెట్టు మీద కూకుంటే దిగదు, దిగితే గట్టు ఒదలదు. ఒకరోజు మన పిల్ల తుడుపుకర్ర గోడకి ఆనించీసి, బట్టలతోనే దిగి ఆమె సెయ్యి పట్టుకున్నాది. నీ పని కాని పని నీకెందుకని తిట్లు తిన్నాది అనుకో. కానీ మర్నాడు ఆ ముసలామె వచ్చి, నాకు ఈ పిల్లే కావాల అన్నాదంట. ఇంకెవరొచ్చినా మెట్టు దిగను అన్నాదంట. నాకు ఆ మాట భలే నచ్చినాది. ముసలోళ్ళం మొండికేత్తే ఎవడాపుతాడు.

భాష రాదు కదా, ఏటి మాటాడతాది? ముందుగా రెండే మాటలు నేర్సుకున్నాదంట. ఊపిరి తీసుకో. భయపడకు. ఆళ్ళ అరబ్బీలో ఆ రెండే. నాకూ సెప్పినాది గానీ నా నోరు తిరగలేదు. ఆ రెండు మాటల్తోనే ఆమెని నడిపించినాది. మెడ లోతుకి తీసుకెళ్ళినాది. ఒకరోజు ఎల్లకిలా పడుకోబెట్టి, తల కింద అరసెయ్యి పెట్టి, మెల్లిగా ఆ సెయ్యి తీసీసినాది.

ఆమె తేలినాది. తేలుతున్నట్టు తెలిసి, పైకప్పు సూత్తా నవ్వుతానే ఉన్నాదంట. పసిపిల్ల నవ్వినట్టు.

అది సెప్పిన రోజు నాను సేపలెలా అమ్మేనో నాకే తెలీదు. సముద్రం గట్టున పుట్టేను. నా మొగుడు, నా కొడుకు దాని మీదే బతికేరు. నాను మోకాలు దాటి దిగలేదురా. మన ఆడోళ్ళం గట్టునే కదా, పడవ వత్తన్నాదా లేదా అని సూసుకోడమే. మరి నా ఈడు మనిషి నీళ్ళ మీద పడుకుంటే ఒళ్ళు బరువుంటాదా, ఉండదా? సెవుల్లోకి నీళ్ళెళ్తే ఏటి ఇనపడతాది? అది అడిగితే, నువ్వు రా నాయినమ్మా, నిన్నూ తేలుత్తాను అన్నాది.

సర్లే. నాను కోపంలో ఉన్నాను. కోపం మాటలే మాటాడతాను.

అలా కోచ్ అయినాదిరా అది. ఎవరి సిఫారసూ లేదు. ఆ తరవాతేటయిందో అది నీకు సెప్పబోయినాది, నువ్వు ఇనలేదు. ఇప్పుడు ఇను.

మన ఇళ్ళల్లో నీళ్ళల్లో కాలు పెట్టే ముందు ఏటి సేత్తాం? వంగి, నీళ్ళు ముట్టుకుని, కళ్ళకద్దుకుంటాం. గంగమ్మ తల్లి కదా. ఎల్లారావు దానికి ఈత కంటే ముందు అదే నేర్పేడు. అది అక్కడా మానలేదు. రోజూ పొద్దున్నే ఆ మందు నీళ్ళ కాడే వంగి, సేతి ఏళ్ళు తడుపుకుని, కళ్ళకద్దుకుని అప్పుడు దిగుతాది. సేత్తన్నట్టు దానికే తెలీదు. అలవాటు.

నేర్సుకోడానికొచ్చే ఆడోళ్ళు ఏటనుకున్నారో తెలుసా? ఇదీ ఈతలో ఒక పాఠమే అనుకున్నారు. ముందు ఆ ముసలామె మొదలెట్టినాది. ఆమెని సూసి ఆమె కోడళ్ళు, ఆళ్ళని సూసి పిల్లలు. వరసగా వంగడం, నీళ్ళు ముట్టుకోడం, కళ్ళకద్దుకోడం, దిగడం. మనది తల తిప్పి సూసేసరికి గట్టంతా అదే.

మేనేజరమ్మ పిలిసినాది. ఇదేటి, ఏ ఈత పాఠంలోనూ లేదే, ఎక్కడ నేర్సుకున్నావు అన్నాదంట. మన దేవత పేరు సెప్తే ఏటంటారో తెలీదు. ఏదో ఒక అబద్ధం సెప్పి తప్పించుకుందామంటే నోరు రాలేదు. ఉద్యోగం ఇయ్యాలతో సరి అనుకుని సెప్పీసినాదంట.

"మేడమ్, మాది సేపలు పట్టే ఇల్లు. నీళ్ళే మాకు తల్లి. దణ్ణం పెట్టుకోకుండా దిగడం మా నాన్న నేర్పలేదు. ఆళ్ళని సెయ్యమని నాను సెప్పలేదు."

ఆ మేనేజరమ్మ అంతా ఇని, నీళ్ళని తల్లి అనుకునే మనిషి దగ్గర పిల్లలు మునగరులే అన్నాదంట. ఇష్టమున్నోళ్ళు సేసుకుంటారు, లేనోళ్ళు మానుకుంటారు, నువ్వెళ్ళి పని సూసుకో అన్నాదంట. ఆ మేనేజరమ్మే ఇప్పుడు దాన్ని పెద్ద కోచ్‌ని సెయ్యమని పైవాళ్ళకి సెప్పినాది.

ఇది నీకు సెప్దామని ఎంత ఆత్రంగా ఫోను సేసినాదో తెలుసా? నువ్వేటన్నావు? ఆ సోదంతా ఎందుకు, టికెట్టు ఎప్పుడు తీత్తావు అన్నావు. అన్నావా లేదా?

సోది కాదురా. అది దాని బతుకు. ఒక్కర్తీ, తెలీని ఊర్లో, తువ్వాలు తువ్వాలుగా కట్టుకున్న బతుకు. ఉద్యోగం పోతాదని తెలిసీ అది అబద్ధమాడలేదు. నువ్వు దాని ఉద్యోగం పోగొట్టడానికి నా సేత అబద్ధమాడించడానికొచ్చేవు. సిగ్గు లేదేటిరా.

ఏటీ? గట్టిగా సెప్పు. క్యాంటీన్ తిండి తిని ఇంటికొత్తే తాళం నువ్వే తియ్యాలా. మాటాడ్డానికి మనిషి లేదా. గోడలు సూత్తా పడుకుంటన్నావా.

అద్గదీ. ఇప్పటికి మనిషి మాట మాటాడేవు. మరి ఆ మాట దానికి సెప్పేవా? నువ్వు లేకపోతే నాకు తోచట్లేదే అని ఒక్కపాలైనా అన్నావా? అనవు. అది సెప్పడానికి మొగతనం అడ్డొత్తాది. అమ్మమ్మ సచ్చిపోతన్నాదని సెప్పడానికి ఏదీ అడ్డు రాదు. సెలవు పెట్టుకుని నువ్వే ఓ నెల ఎళ్ళి రావొచ్చు కదా. పెళ్ళాం పని సేసే సోటు సూడ్డానికి ఎళ్తే బస్సులోవాళ్ళు నవ్వుతారా? మరి నవ్వనీ. ఏడిపించే కంటే అది నయం కదా.

ఇంకో మాట ఉన్నాది. మీ అమ్మకి కూడా తెలీదిది.

కిందటి నెల నువ్వు ఫోన్లో అరిసేవు సూడు, వత్తే రా, లేకపోతే అక్కడే ఉండిపో, నాకక్కర్లేదు అని. ఆ రోజే నాకు ఫోను సేసినాది. ఎక్కిళ్ళు పెడతానే సెప్పినాది. బట్టలన్నీ పెట్టెలో సర్దీసినాదంట. "బావకిష్టం లేని పని నాకెందుకు నాయినమ్మా, వచ్చేత్తాను" అన్నాది.

అవును, నీకోసమే. వచ్చీడానికి సిద్ధంగా ఉన్నాది. నువ్వు పిలిసేవు, అది బయల్దేరినాది. నీ మాట నెగ్గినాదిరా. అది మొగుడి మాట ఇనని ఆడది కాదు.

ఆపింది నాను.

రావొద్దన్నాను. "పెట్టె ఇప్పు, బట్టలు మళ్ళీ బీరువాలో పెట్టు. వచ్చేవంటే నా గుమ్మం ఎక్కొద్దు" అన్నాను. అంత మాట దాన్నెప్పుడూ అనలేదు నాను. ఫోను పెట్టీసి, బుట్ట పక్కనే కూలబడి ఏడిసేను. మీ ఇద్దరి మధ్యా కూకున్న దాన్ని, లేచి ఒక పక్కకి ఎళ్ళిపోయేను ఆ రోజు. తప్పో ఒప్పో నాకు తెలీదు. ఇప్పటికీ తెలీదు. మళ్ళీ ఫోను వత్తే మాత్రం మళ్ళీ అదే సెప్తాను.

కాబట్టి దాన్ననకు. నీ కాపురానికి అడ్డం పడింది నాను. తిట్టుకుంటే నన్ను తిట్టుకో. ఎళ్ళి మీ అమ్మకీ సెప్పు, నీ తల్లే నా కొంప తీసిందని సెప్పు. ఇకనుంచి అది నన్ను సూసి మొకం తిప్పుకుంటాది. కన్నకూతురు మొకం తిప్పుకుంటే ఎలాగుంటాదో అదీ సూత్తాను. ఏటి సేత్తాం.

లేచేవా. ఎళ్ళు. సూటిగా నా మొకం సూడలేకపోతే ఇంకో రోజు రా.

ఒకటి ఇని ఎళ్ళు రాజుబాబూ. నా సావు నాది. అదొచ్చిన రోజున నాకే పనికొత్తాది. నీకు అప్పివ్వను.