ట్రిప్ అవ్వని ట్రాన్స్‌ఫార్మర్

భోగాపురం దగ్గర సముద్రపు ఒడ్డు పల్లెలో, పొద్దున్న ఎనిమిదింటికి, ఈశ్వరి, నియాన్ దీపాల పని చేసే మొగుడు దేవేంద్ర పనిసంచి సర్దుతూనే అతణ్ని కడిగేస్తోంది. పక్కింటి ఆడపడుచు దుర్గ అతని బండెక్కి పబ్బులో పనికి పోదామని గుమ్మంలో కాచుకుని ఉంది.

"టెస్టరెట్టాను. కటింగ్ ప్లేరెట్టాను. అన్నం కేరేజీ ఎట్టాను. ఆ తుప్పు పెట్టి మాత్రం నా సేత్తో ముట్టను మావా."

"నిన్నెవులు ముట్టమన్నారే? అది సంచిలో పట్టదు. బండి మీద తీసుకుపోతాను. నువ్వు నోరు మూసుకుని గ్లౌజులు ఎట్టు."

"మూస్తాను. పబ్బులో కొత్త ట్రాన్స్‌ఫార్మరుండగా పాత సినిమా హాలు పెట్టి ఏలనో సెప్పు, మూస్తాను."

"ఎన్నిసార్లు సెప్పాల! కొత్తది ఆగిపోతన్నాది. సముద్రం గాలికి గాజు గొట్టాల మీద ఉప్పు పేరుకుంటాది. ఆ సెమ్మకి కరెంటు రవ్వంత పక్కకి కారితే సాలు, టక్కున ట్రిప్పయిపోతాది. మొన్న శనివారం జనం డేన్సాడతంటే పబ్బంతా సీకటి. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ మేనేజరు గోవిందు అందరి ముందూ ఏటన్నాడో తెల్సా?"

"ఏటన్నాడేటి?"

"'నువ్వు దీపాలెట్టేవోడివా, దీపాలార్పేవోడివా' అన్నాడు."

"అంటే అన్నాడు! కరెంటు కారితే ఆగిపోడమే దాని పని కాదేటి? అందుకే కదా అందులో ట్రిప్ ఎట్టినారు. డబ్బాలో కాగితం నానూ సూసినాను."

"ఓహో! ఆరో తరగతి ఇంజినీరమ్మ వొచ్చినాది. ఆ కాగితం ఇంగ్లీషులో ఉన్నాదే!"

"బొమ్మకి ఇంగ్లీషేటి? మెరుపు గీసినాడు, పక్కన పడిపోతన్న మనిషిని గీసినాడు. గుడ్డోళ్లకీ తెలుస్తాది."

"వొదినా, ఇంకా ఎంతసేపు తిడతావో సెప్పీ, కూకుంటాను. తొమ్మిదికల్లా సంతకం ఎట్టకపోతే నాకు అరపూట కోసేస్తారు."

"కూకో దుర్గా, ఈయన్ని ఇయ్యాల అలగ పోనియ్యను. మంచి ట్రాన్స్‌ఫార్మరు ఇంకోటి దొరకదా మావా? ఊళ్లే గొడ్డుపోయాయా?"

"వారం నుంచి ఫోన్లు సేసి సేసి నా సెవి కాలిపోనాది. హైదరాబాదోడు నవ్వినాడు. 'గాజు నియానా? ఇంకా బతికున్నాదా? ఎల్ఈడీ పట్టీలేసుకో' అన్నాడు. కలకత్తావోడు కొట్టు మూసీసినాడు. బొంబాయోడు నెల్లాళ్లు ఆగమన్నాడు, అదీ ట్రిప్ ఉన్నదే. ఆఖరికి విజీనగరంలో హాలు పడగొడితే, దాని బోర్డు ట్రాన్స్‌ఫార్మరు పెట్టి ఇనప సామాన్ల కొండబాబు దగ్గర దొరికినాది. ముప్పై ఏళ్లు ఎండా వానా తిన్నాదే అది! ట్రిప్పే లేదు దానికి, ఒక్కనాడూ ఆగలేదు."

"ఆగదనే నా భయం! హాలు బోర్డు మేడ మీదుంటాది. దాన్ని కాకులు తప్ప ఎవులు ముట్టుకున్నారు? నువ్వు గొట్టాలు కట్టినావే, అది మనుషులు ఆనుకునే ఇనప రెయిలింగు!"

"మేనేజరు అక్కడే కట్టమన్నాడు. నన్నేటి సెయ్యమంటావు?"

"నాను కట్టనని సెప్పమంటాను!"

"రెయిలింగంటే గుర్తొచ్చినాది అన్నియ్యా. తడిగుడ్డెట్టి తుడుస్తంటే సురుక్కుమంటన్నాది. సీమ కుట్టినట్టు."

"ఎప్పుడే?"

"మొన్నా, అటుమొన్నా. సురుక్కుమన్నాదో లేదో, లైట్లు ఆరిపోనాయి."

"అది కరెంటు కాదే. ఏసీ గదిలో నైలాను సీర కట్టుకుంటే అలాగే ఉంటాది."

"నాను సేపలమ్మినప్పుడు ఈ నైలాను సీర మార్కెట్లో ఎన్నడూ కుట్టనేదే?"

"మార్కెట్లో నీ అరుపులకి బెదిరిపోయి ఉంటాది."

"సూడు వొదినా, మీ ఆయన నన్నేటంటన్నాడో!"

"నవ్వకండి ఇద్దరూ! విన్నావా మావా, అది సెప్పింది విన్నావా? సురుక్కుమంటన్నాదంట! నువ్వు రెండు సేతులూ ఎట్టేది దానిమీదే కదా!"

"మెయిను దించే కదే పని సేస్తాను! పాతికేళ్లు ఈ పనిలో ఉన్నాను, ఎలుగుతన్న గొట్టం మీద సెయ్యేస్తానేటి?"

"మా నాయనా అలాగే అన్నాడు. నలభై ఏళ్లు తెప్ప మీద తిరిగినాను, నాకు గాలి తెలీదేటే అన్నాడు. సద్దిమూట నా సేతులతోనే కట్టిచ్చినాను."

"మళ్లీ మీ నాయనా? పనికి పోతంటే ఆ మాటలేలే?"

"మరేటి మాటలాడమంటావు? దండెయ్యమంటావా?"

"ఒసే, అరవకు. నా మాట విను. ఈయేళ ఎలగకపోతే రేపు పొద్దున్నకి ఆ గొట్టాలన్నీ పీకి పారేస్తాడు. ఎల్ఈడీ వోడు అక్కడే కూకుని ఉన్నాడు, నాను ఎప్పుడు పోతానా అని. మా నాయన వల లాగినాడు, నాను గాజు లాగినాను. మంట ముందర కూకుని కళ్లు పోగొట్టుకున్నాను. ఈ సుట్టుపక్కల గాజు వొంచేవోణ్ని నానొక్కణ్నే మిగిలినాను. ఇది పోతే పట్టీలు గోడకి అతికించుకు బతకాల!"

"అతికించుకో! బతుకుతావు కదా!"

"అదీ ఒక బతుకేనేటి?"

"నాకు అదే కావాలి! నీ పేరు నాకక్కరలేదు, నీ గాజు నాకక్కరలేదు. సాయంత్రం ఆ గుమ్మంలో సెప్పులు ఇప్పే మనిషి కావాలి!"

"ఏడుస్తన్నావేటే?"

"కోపమొస్తే నాకు నీళ్లొస్తాయి. ఏడుపు కాదు."

"ఊరుకో. ఊరుకోవే. ఈ నెల్లాళ్లు గట్టెక్కనీ. బొంబాయిది వొచ్చినాక ఇది పీకేస్తాను."

"గ్లౌజులేసుకుంటావా?"

"ఏసుకుంటాను."

"రబ్బరు బూట్లు?"

"అవీను."

"మెయిను దించి, తాళమేసి, తాళం జేబులో ఎట్టుకుంటావా?"

"ఎట్టుకుంటాను తల్లీ."

"ఎలిగించినాక రెయిలింగు దగ్గరకి పోవు కదా?"

"పోను. దూరంగా నిలబడి సూస్తాను. మూడింటికి ఎలిగిస్తాను, అంతే."

"నా మీద ఒట్టెయ్యి."

"ఒట్టు. సాలా?"

"అన్నియ్యా, నాకూ ఒక జత బూట్లు కొనీ. వొదిన నా మీద కూడా ఒట్టేయించుకుంటాది."

"నీకేలే బూట్లు? బూట్లేసుకుని తుడిస్తే మరకలని గోవిందు గోలెడతాడు."

"అవునవును. సెప్పులు బయట ఇప్పి రమ్మంటాడు. గుడికొచ్చినట్టు పబ్బుకొస్తన్నాను, ఏటి నా కర్మ!"

"ఓలమ్మో, నవ్వించకే దుర్గా. నాకు కోపంగా ఉన్నాది."

"హమ్మయ్య, వొదిన నవ్వినాది. పద అన్నియ్యా, మళ్లీ మొదలెట్టకముందే. ఆ పెట్టి నా ఒళ్లో ఎట్టు, పట్టుకుంటాను."

"బరువే అమ్మీ."

"సేపల బుట్ట కన్నానా?"

"దుర్గా, నువ్వు అక్కడే కదా ఉంటావు. ఈయన మొండోడు, ఒట్టేసినా మర్సిపోతాడు. ఒక కన్నేసి ఉంచే."

"ఉంచుతాను వొదినా. నువ్వు బెంగెట్టుకోకు."

దేవేంద్ర తిరిగి వచ్చాడు. మూడుంబావుకి తడిగుడ్డతో రెయిలింగు తుడవడానికి వెళ్లిన దుర్గ ఇక తిరిగి రాలేదు. ఈసారి లైట్లు ఆరలేదు. అది 2025 నవంబరు పదమూడు, గురువారం.