పోలయ్య పిలిపించిన నలభై మంది వకీళ్లు

రేపు పదింటికి ఠాణాకి రమ్మని కాగితం అందిన దగ్గర్నుంచి గిరిబాబుకి ముద్ద దిగడం లేదు. లోకో షెడ్డులో రాగితీగ పోయింది, ఆ పూట డ్యూటీలో ఉన్నది అతనే. చిన్నమ్మి టీ కొట్టు దగ్గర దిగులుగా కూర్చుంటే, ఆవిడ మొగుడు, రిటైరైన ఫిట్టరు పోలయ్య, పక్కన చేరాడు.

"పోలీసులకే భయపడతావేటిరా? నిరుడు సిమెంటు బస్తాల కేసులో పక్కూరు బిల్హా ఠాణాకి నన్ను పొరపాటున పట్టుకెళ్లినప్పుడు ఏటి చేసానో తెలుసా? కాలు మీద కాలేసుకుని కూకుని, వకీలు రాందే నా పేరు కూడా చెప్పననీసాను."

"ఊరుకున్నారా మామా?"

"ఊరుకోడమేటి, ఠాణా పెద్ద, ఆ దరోగా చేతిలో లాఠీ జారిపోయింది. 'అచ్ఛా పోలయ్యాజీ, చాయ్ తాగుతారా' అన్నాడు, వకీలొచ్చాకే తాగుతానన్నాను. ఆ తర్వాత ఏటైందో తెలుసా? ఆ మాట హైకోర్టు దాకా పాకీసింది, నలభై మంది వకీళ్లు నల్లకోట్లు తొడుక్కుంటూనే లోకల్ ఎక్కీసారు, ఆ రైలు బిల్హా స్టేషన్లో ఆగకుండా తిన్నగా ఠాణా గుమ్మంలోకే వచ్చీసింది."

"పట్టాలు లేకుండానా?"

"హక్కు కోసం వచ్చే రైలుకి పట్టాలేటిరా. జడ్జిగారు బల్లతో సహా దిగి, దరోగాని నిలబెట్టి, నన్నే ప్రశ్నలడగమన్నారు. నేనేటన్నానో తెలుసా? 'బాబూ, ముందు నువ్వూ ఓ వకీల్ని పిలుచుకో' అన్నాను. హక్కంటే అందరికీ ఒకటే గదా."

ఈ రెండ్రోజుల్లో గిరిబాబు నవ్వడం ఇదే మొదటిసారి. ఆ నవ్వు మధ్యలోనే మళ్లీ రేపటి సంగతి గుర్తొచ్చింది.

"సరే గానీ మామా, అసలు ఏ మాటన్నావో చెప్పు. రేపు నేనూ అదే అంటాను."

పోలయ్య ఖాళీ గ్లాసు చిన్నమ్మి ముందుకి తోశాడు.

చిన్నమ్మి కెటిల్ కింద పెట్టింది. "ఈయనేటీ అన్లేదు. వాళ్లు రాసుకున్న కాగితం మీద సంతకానికి పెన్ను పట్టీసాడు. గుమ్మంలో నేనున్నాను. పొమ్మన్నారు, పోలేదు. 'పట్టుకున్న మనిషికి వకీల్ని కలిసే హక్కుంది, కలిసేదాకా సంతకం పెట్టడు.' పొద్దుట్నుంచి మధ్యాన్నం దాకా అదే మాటన్నాను. నలభై మంది రాలేదు. ఆ మాట ఫోన్లో నేర్పిన నీలవేణి వకీలమ్మ ఒక్కర్తే స్కూటీ మీద వచ్చింది. సాయంత్రానికి వదిలీసారు."

"భయం వెయ్యలేదా అత్తా?"

"వేసింది. నోరు మాత్రం ఆపలేదు. రేపు నీతో నేనొస్తాను, వకీలమ్మకి చెప్పీసాను."

పోలయ్య గొంతు సవరించుకున్నాడు. "నేనూ వస్తాను."

"రా," అంది చిన్నమ్మి. "పెన్ను ముట్టుకోకు."