వెర్లిన్ విమానం అమ్మిన రోజు

వెర్లిన్ సాథర్ నోటికి అడ్డు పడటం ఆ గడ్డి రన్‌వే వేసిన దగ్గర్నుంచీ ఎవరివల్లా కాలేదు. ఆ శనివారం పొద్దున కూడా, పైలట్ల గదిలో పొయ్యి పక్కనున్న కుర్చీలో చేరగిలబడి ఎప్పటిలాగే అందుకున్నాడు. బయట మొక్కజొన్న కోసేసిన పొలాల మీద నవంబరు మంచు బూడిద చల్లినట్టు పరుచుకుని ఉంది. ఎదురుగా రేకుల షెడ్డులో కొరీన్ వాసెక్ అనే అమ్మాయి లైటు పట్టుకుని అతని విమానాన్ని అంగుళం అంగుళం పరీక్ష చేస్తోంది. చేలకు మందు చల్లే విమానాలు బాగుచేయడం ఆ అమ్మాయి వృత్తి. నచ్చితే ఇవాళే కొనుక్కుని పోతుంది.

"పదకొండు చలికాలాలు పట్టింది కట్టడానికి. ఎగరేసింది ముప్పై ఒక్క ఏళ్ళు," అన్నాడు వెర్లిన్. "దీని సంగతి మీకేం తెలుసు? మొదటి ఏడాదే, కౌంటీ తిరునాళ్ళ నుంచి వస్తుంటే ఇంజను ఠక్కున ఆగిపోయింది. ఎనిమిది మైళ్ళు గాలి మీద తేలుతూ వచ్చి, హోవ్డీ వాళ్ళ సోయా చేలో దింపాను. ఒక్క కాయ రాలితే ఒట్టు!"

"అప్పట్లో రెండు మైళ్ళన్నావే," అన్నాడు గేలెన్. ఆవుల పాలు పితికి, బూట్లయినా కడుక్కోకుండా వచ్చినవాడు.

"అప్పటి మైళ్ళు పొడుగ్గా ఉండేవి లేవోయ్."

గేలెన్ నవ్వాడు. పక్కనున్న ఎల్డన్ కూడా నవ్వాడు. రిటైరైన బడిపంతులు, మెత్తటి మనిషి. వెర్లిన్ భార్య ఆర్డిస్ మాత్రం నవ్వలేదు. దాల్చినచెక్క రొట్టెల పళ్ళెం బల్ల మీద పెట్టి, కాఫీ పోస్తూ నిలబడింది. ఇందాక ఎల్డన్ అన్న మాట ఆమె గుండెలో ముల్లులా దిగి ఉంది: "అమ్మేముందు ఆఖరి చుట్టు వేస్తావుగా వెర్లిన్?"

అక్కడి ఆనవాయితీ అది. సొంత చేతులతో కట్టుకున్న విమానాన్ని అమ్మేటప్పుడు, కట్టినవాడే ఒక్క చుట్టు తిప్పి దింపి, తాళం కొన్నవాళ్ళ చేతిలో పెట్టాలి. "వెయ్యకుండా ఉంటానా!" అన్నాడు వెర్లిన్, కాలరు సర్దుకుని మరీ.

మూడేళ్ళ క్రితం అక్టోబరులో అతను రన్‌వే అనుకుని, దాని పక్కనున్న కంచె వారగా దిగాడు. రెక్క కొన గుంజను గీసుకుంది. ఆ వారమే డాక్టరు చెప్పాడు, కళ్ళ నడిమి చూపు పోతోందని, అంచుల్లో కాస్త మిగులుతుందని. ఆ మాట ఆలుమగలిద్దరూ ఎవరికీ చెప్పలేదు. అప్పట్నుంచీ ప్రతి శనివారం తెల్లవారుతూనే ఆర్డిస్ కారు నడిపి అతన్ని ఇక్కడికి తెచ్చేది. అతను విమానం చక్రాలకు కొయ్య దుంగలు అడ్డం పెట్టి, లోపల కూర్చుని, నలభై నిమిషాలు ఇంజను తిప్పేవాడు. మిగతావాళ్ళు వచ్చేసరికి "ఇప్పుడే దిగాను" అనేవాడు. ఇంజను వెచ్చగా ఉండేది. ఎవరూ తరిచి అడగలేదు.

పూర్వం అతను గాల్లోకి లేచిన క్షణం నుంచీ చక్రాలు నేల తాకేదాకా ఆమె ప్రార్థన చేస్తూ ఉండేది. ఈ మూడేళ్ళూ కారులో కూర్చుని అదే ప్రార్థన చేసింది. కాకపోతే ఇప్పుడు అడిగేది వేరు. 'ప్రభువా, ఆ దుంగలు తియ్యాలని ఆయనకి తోచకుండా చూడు.'

"ఎదురుగాలి సంగతి చెప్పానా మీకు?" అంటున్నాడు వెర్లిన్.

"చెప్పలేదు," అన్నాడు ఎల్డన్. పదిసార్లు విన్నాడు పాపం.

"ఒక ఆదివారం పడమటి వైపు బయల్దేరాను. లేచానో లేదో, గాలి ఎదురొచ్చి కొట్టిందయ్యా, ఎంత గాలంటే, ఇంజను ఎంత జోరుగా తిప్పినా విమానం అడుగు కదల్దే! సరిగ్గా మన లూథరన్ చర్చి గోపురం మీద మేకుకి తగిలించిన చొక్కాలా ఆగిపోయాను. కింద పాస్టరు ప్రసంగం మొదలెట్టాడు, ముగించాడు, జనం బయటికొచ్చారు, నేనింకా అక్కడే. పైన ఆకలి! ఆ తర్వాత ఏమైందో చెప్పుకోండి చూద్దాం?"

"కిందకి దూకావా?"

"నేనెందుకు దూకుతాను? భోజనాల దగ్గరున్న ఆడవాళ్ళకి జాలేసి, చర్చి గంట తాడుకి బంగాళదుంపల వేపుడు గిన్నె కట్టి పైకి పంపించారు. ఆర్డిస్ వండిందే. అవునా, కాదా?"

ఆర్డిస్ అబద్ధమాడదు. "ఉప్పు తక్కువైందన్నావు," అంది మెల్లగా. అదొక్కటీ నిజం, ఏదో ఒక ఆదివారం అన్నాడు.

"విన్నారా! సాక్ష్యం! ఇంకా వినండి. గాలి పెరిగింది. పెరిగితే నేను వెనక్కి పోవడం మొదలెట్టాను. మూతి పడమరకే ఉంది, పోయేది మాత్రం తూర్పుకి. ఊరు దాటాను, నది దాటాను, వెనక్కి, ఇంకా వెనక్కి. చూద్దును కదా, గంటలు లెక్కపెట్టే మీటరు కూడా వెనక్కి తిరుగుతోంది! ఎనిమిదొందల గంటలు, ఐదొందలు, నూరు, సున్నా! సున్నా అయితే ఏంటి అర్థం? విమానం ఇంకా పుట్టలేదు. అయినా నేను అందులోనే కూర్చుని ఉన్నాను. కిందకి చూస్తే మా ఇల్లు. గ్యారేజీ కిటికీలో దీపం. లోపల ఒకడు రెక్క కమ్మీలకి జిగురు పూస్తున్నాడు. నల్లటి జుట్టు. ఎవరనుకున్నారు? నేనే!"

గేలెన్ రొట్టె నమలడం ఆపాడు. ఈ ముక్క కొత్తది.

"చెయ్యూపాను. వాడు తలెత్తలేదు. అరిచాను. ఊహుఁ. ఆ రాత్రి నాకు గుర్తే, బయట ఏదో చప్పుడైతే పక్కింటి వాళ్ళ ధాన్యం ఆరబెట్టే యంత్రం అనుకున్నాను." వెర్లిన్ ఒక్క క్షణం పొయ్యి వైపు తిరిగిపోయాడు. వెంటనే దులుపుకున్నాడు. "కళ్ళంటే అవీ! అంత ఎత్తునుంచి జిగురు డబ్బా మీద అక్షరాలు చదివాను. ఇప్పుడు మాత్రం ఏం తగ్గింది? మొన్న శనివారం, మూడు వేల అడుగుల పైనుంచి, గేలెన్ ఆవుల కనురెప్పలు లెక్కపెట్టాను. ఒకదానికి ఎడమ కంట్లో నలక పడింది, చూసుకో!"

"మరింకేం," అన్నాడు గేలెన్, "పద, ఆ చుట్టేదో వెయ్యి. చూస్తాం."

అందరికన్నా ముందు వెర్లిన్ లేచాడు. కోటు జేబులోంచి చేతి తొడుగులు తీసి వేసుకున్నాడు. అతని మొహం కడిగినట్టు వెలిగిపోతోంది. చెప్పీ చెప్పీ తన మాటలు తనే నమ్మేశాడని ఆర్డిస్‌కి తెలిసిపోయింది. నోరు తెరిచింది. నలుగురిలో మొగుణ్ణి గుడ్డివాడనడానికి ఆమెకి మాట పెగల్లేదు.

తలుపు తెరుచుకుంది. కొరీన్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చింది.

"ఆగండి సాథర్ గారూ. అది ఎగరకూడదు."

"ఏం అమ్మాయ్, భయమా?"

"ఇంజను లోపల దీపం పెట్టి చూశాను. ఇరుసంతా తుప్పు. తోక గొట్టంలో పిచ్చుక గూళ్ళున్నాయి, ఒకదాని మీద ఒకటి, మూడు." ఆ అమ్మాయి గొంతులో ఎగతాళి లేదు. "ఈ విమానం నేల వదిలి మూడేళ్ళైందండీ."

గేలెన్ తన బూట్ల వంక చూసుకున్నాడు.

"ఇంజను వారం వారం తిరిగింది," అన్నాడు వెర్లిన్. "నేనే తిప్పాను. చచ్చిపోకూడదని."

"అందుకే," అని ఆగింది కొరీన్. చెప్పాలా వద్దా అన్నట్టు ఆర్డిస్ వైపు చూసింది. ఆర్డిస్ తల ఊపింది. "నేల మీద తిప్పి ఆపేస్తే నూనె పూర్తిగా కాగదు. చెమ్మ లోపలే ఉండిపోతుంది. నూనె పట్టించి ముట్టుకోకుండా వదిలేసినా ఇంతకన్నా బాగుండేది."

ఇరవై ఏళ్ళుగా కొత్తగా వచ్చిన ప్రతి పైలట్‌కీ, ఈ గదిలోనే, ఈ మాటే వెర్లిన్ వేలు ఊపుతూ చెప్పేవాడు. ఆ సంగతి గేలెన్‌కీ తెలుసు, ఎల్డన్‌కీ తెలుసు. చేతి తొడుగులు ఒక్కో వేలూ లాగి తీశాడు. మొహంలో వెలుగు పోయింది. ఒక్కసారిగా డెబ్బై ఎనిమిదేళ్ళూ వచ్చి మీద కూర్చున్నాయి.

"అయితే వద్దంటావా?" అన్నాడు చివరికి.

"తీసుకుంటాను. కర్ర పని నిన్న అంటించినట్టుంది, అలాంటిది నేను చూళ్ళేదు. ఇంజను విప్పి చూసుకుంటాను. కాకపోతే రోడ్డు మీదే తీసుకుపోవాలి. రెక్కలు విప్పి, ట్రైలరు మీద."

ఆర్డిస్ కళ్ళు మూసుకుంది. అడిగిందే దొరికింది, ఎగరడానికి ఆ దుంగలు ఇక ఎవరూ తియ్యరు. అయినా కృతజ్ఞత చెప్పడానికి ఆ క్షణంలో పెదవులు కదలలేదు.

"కుడి రెక్క ముందు విప్పండి," అన్నాడు వెర్లిన్. ఈసారి మాటల్లో పెంచిందీ లేదు, తగ్గించిందీ లేదు. "ఎడమ దాని వెనక బోల్టు బిగుసుకుపోయి ఉంటుంది. సుత్తి వాడొద్దు. ఇద్దరు కొన దగ్గర కాస్త పైకి ఎత్తి పట్టుకుంటే అదే జారుతుంది. పదండి, నేను చెబుతా."

తలుపు వైపు నడిచాడు. ఆర్డిస్ కాఫీ కూజా దించి, వెళ్ళి అతని మోచెయ్యి పట్టుకుంది. మూడేళ్ళలో నలుగురి ఎదుట ఎప్పుడూ పట్టుకోలేదు.

"మెట్లున్నాయి," అంది, అందరికీ వినపడేలా.

వెర్లిన్ చెయ్యి విడిపించుకోలేదు.

"ఎన్ని?" అన్నాడు.