పదకొండో కెమెరా

అధ్యక్షులు కామరాజు గారికీ, పెద్దలకూ, మన నాచారం అపార్ట్‌మెంటు సెల్లారులోకి ఎవరి కుర్చీ వాళ్లు మోసుకొచ్చి కూర్చున్న మిత్రులకూ నమస్కారం. ఆరేళ్లు కార్యదర్శిగా చేసి దిగిపోతున్న నాకు, మండుటెండల్లో శాలువా కప్పారు. సంతోషం. (నవ్వులు)

నా హయాంలో కెమెరాలు వచ్చాయని అధ్యక్షులవారు పొగిడారు. ఎందుకు వచ్చాయో కొత్తవాళ్లకు తెలియదు కాబట్టి చెబుతాను. బుచ్చిబాబు గారు మేడ మీద ఎండబెట్టిన గుమ్మడి వడియాలు మాయమైతే, ఇది ఇంటిదొంగ పనేనని మనమంతా తీర్మానించి, పదకొండు కెమెరాలు బిగించి, అందరి ఫోన్లకూ కలిపితే, మూడో రోజున దొరికింది కోతి. (నవ్వులు) అది మళ్లీ రాలేదు. దానికి సిగ్గుంది. మనం మాత్రం ఇవాళ్టికీ చూస్తూనే ఉన్నాం. ఎవరింటికి ఎవరొచ్చారు, పవన్‌కుమార్ గారి సంచీ ఎందుకంత బరువుగా ఉంది, చంద్రిక గారమ్మాయిని బండి మీద ఎవరు దింపారు, ఇవే మన చర్చలు. వాచ్‌మన్ రామచంద్రయ్యను ఆ కెమెరాల తెర ముందు కూర్చోబెడితే రెండో రోజే లేచొచ్చాడు.

"గేటుకాడ కూసోమంటే కూసుంట సారూ. ఒకరి ఇంట్లకు తొంగి సూసుడు నాతోని గాదు," అన్నాడు.

చదువుకున్నవాణ్ని కదా, నవ్వాను.

ఆ తర్వాత ఒకావిడ. రోజూ మధ్యాహ్నం మేడ మీద నీళ్ల ట్యాంకు వెనక పది నిమిషాలు కూర్చుని ఏడ్చి, ముఖం కడుక్కుని దిగిపోయేవారు. ఆ వీడియోను మన వాట్సాప్ గ్రూపులో పెట్టింది నేనే, ఆవిడ మీద బెంగ పడ్డట్టు నటిస్తూ. సాయంత్రానికల్లా మీరు నలభై మూడు కారణాలు రాశారు. ఒక్కరూ వెళ్లి తలుపు తట్టలేదు. నేనూ తట్టలేదు. ఎవరా అని వెనక్కి తిరగకండి శివ గారూ. ఇంట్లో ఏడవడానికి చోటు లేకే కదా ఆవిడ అక్కడికి వెళ్లింది. మనం ఆ చోటూ లేకుండా చేశాం. ఆవిడ మళ్లీ మేడ ఎక్కలేదు.

మైకులో క్షమాపణ చెబితే అదీ మీకు తమాషాయే. అందుకే పొద్దున నిచ్చెన వేసుకుని, మేడ మీది ఆ పదకొండో కెమెరాను నా చేత్తో విప్పి తెచ్చాను. ఇదిగో, మీ శాలువాలోనే చుట్టి కొత్త కార్యదర్శి హరిత గారికి అప్పగిస్తున్నాను. మళ్లీ బిగించాలనిపిస్తే, అమ్మా, ముందు ఆ ట్యాంకు వెనక పది నిమిషాలు ఒంటరిగా కూర్చుని రండి.

ఇన్నాళ్లు భరించినందుకు కృతజ్ఞతలు. రేపు మధ్యాహ్నం మేడ తలుపు తీసే ఉంటుంది. ఎవరు ఎక్కారో ఎవరికీ తెలియదు. సెలవు.