తొంభై ఒక్క గ్లాసులు

మధ్యాహ్నం భోజనాల వేళ, గ్లాసుల ఫ్యాక్టరీ ప్యాకింగ్ గది. బల్లకి అటువైపు పన్నెండేళ్ళుగా పెట్టెలు నింపుతున్న వదిన. ఇటువైపు ఆమె పరీక్ష పేపరు దిద్దిన ఆఫీసు గుమాస్తా, ఆమె మరిది.

"ఛీ! ఆ ఎర్ర పెన్ను ముందు జేబులోంచి తీసెయ్యి మరిదీ. చూస్తుంటేనే ఒళ్ళు మండిపోతోంది."

"పోయింది ఒక్క మార్కే కదా వదినా..."

"ఆ ఒక్క మార్కుతోనే సూపర్‌వైజర్ ఉద్యోగం పోయింది. వచ్చిందెవరికి? నీ పెళ్ళానికి."

"నేనేం చెయ్యను? హెడ్డాఫీసు పంపిన జవాబుల కీ చూసి దిద్దాను. తొంభై ఒకటి ప్రధాన సంఖ్య అని అందులో ఉంది. నువ్వు కాదని రాశావు."

"ప్రధాన సంఖ్యంటే ఏంటో చెప్పు."

"ఒకటీ, తనూ తప్ప వేరే కారణాంకాలు లేనిది."

"మేం మొండి లెక్క అంటాం. ఎన్ని వరసలు పేర్చినా కొన్ని మిగిలి చస్తాయి. ఇదిగో, బల్ల మీద తొంభై ఒక్క గ్లాసులు. రెండు వరసలు పెడితే?"

"ఒకటి మిగులుతుంది."

"మూడు వరసలు?"

"ఒకటి."

"ఐదు?"

"ఒకటే. అందుకే కదా వదినా అది ప్రధా..."

"ఆగు. ఆ కీ రాసిన మహానుభావుడూ సరిగ్గా ఇక్కడే ఆగిపోయుంటాడు. ఇప్పుడు ఏడు వరసలు పెట్టాను. ఒక్కో వరసలో ఎన్ని?"

"పదకొండు, పన్నెండు... పదమూడు."

"మిగిలినవి?"

"లే... లేవు."

"గట్టిగా చెప్పు."

"ఏం మిగల్లేదు."

"ఇప్పుడు తెలిసిందా?"

"ఇప్పుడే తెలిసింది, ఒట్టు! కీ తప్పే. ఒప్పుకుంటున్నాను."

"అయితే పద, మేనేజరుకి చెప్పు."

"ఫలితాలు గోడకి అంటించేశారు. ఇప్పుడు కెలికితే నా మెడకి చుట్టుకుంటుంది."

"తప్పు కీది. నీ మెడకెందుకు?"

"అంటే... అందరి పేపర్లూ మళ్ళీ తీస్తారు."

"తీస్తే?"

"తీస్తే ఏముంది? ఏం లేదు. ఊరికే అన్నాను."

"నీ పెళ్ళాం తొమ్మిదేళ్ళు నా పక్కనే నిలబడి పెట్టెలు నింపింది. ఏడు పదమూళ్ళ పెట్టె కళ్ళు మూసుకుని కట్టేస్తుంది. అలాంటిది తొంభై ఒకటి మొండి లెక్క అని ఎలా రాసిందయ్యా?"

"కంగారులో..."

"కంగారు ఎవరిది?"

"వదినా, గోల చెయ్యకు. ఎవరైనా వింటారు."

"విననీ. అది కూడా ప్రధాన సంఖ్య కాదనే రాసింది. కీ చూసి, పాపం పెళ్ళాం తప్పు రాసిందనుకున్నావు. దాని జవాబు కొట్టేసి, ప్రధాన సంఖ్య అని నీ చేత్తో రాసి, రైటు పెట్టావు. ఒప్పుని తప్పు చేసి మరీ మార్కు వేశావు! నీలాంటివాడికి ఇన్నాళ్ళూ అన్నం వడ్డించానంటే నాకే అసహ్యంగా ఉంది."

"పేపర్లన్నీ మా ఇంట్లో, బీరువాలో పెట్టి తాళం వేశాను. నీకెలా..."

"ఆ తాళంచెవి ఎవరి కొంగున ఉంటుందయ్యా? లే, మేనేజరు గదిలో ఆ పేపరు పట్టుకుని నీకోసమే కూర్చుంది."