ఒంటి తుమ్ము

రెండేళ్ల కరువు తర్వాత నిడుగల్లులో వాన పడింది. వేరుశెనగ విత్తడానికి చిన్నరంగప్ప కాడి కట్టి గొర్రు పట్టాడో లేదో, విత్తనాలు వేయడానికి వెనక నిలబడిన పొరుగింటి ఎస్తేరమ్మ గట్టిగా తుమ్మింది. ఆమె యేసుప్రభువును నమ్ముకున్న మనిషి. అతను ఎద్దులను ఆపేశాడు.

“ఒంటి తుమ్ము తుమ్మితివి గదక్కా! ఇంకొకటి తుమ్ము, దోషం పోతాది.”

“వస్తే గదా తుమ్మేది!”

“ముక్కులో గడ్డిపోచ పెట్టి చూడు.”

“చూసినా. కండ్లలో నీళ్లొచ్చినాయి గానీ తుమ్ము రాలేదు.”

“అట్లయితే రేపు ఇత్తుదాం.”

“రేపటికి నేల పదును ఆరిపోదా? నీ చేను అయినాకనే గదా నీ ఎద్దులు నా చేనికి వచ్చేది!”

“అపశకునం అక్కా. నీకు భయం లేదా?”

“నాకు పడిశం పట్టినాది రంగప్పా. వాన ఇచ్చిన దేవుడు నా ముక్కును చూసి మనసు మార్చుకుంటాడా?”

“అయితే పంట వస్తాదని మీ యేసయ్య చెప్పినాడా?”

“చెప్పలేదు. పోయినేడు ప్రార్థన చేసే ఇత్తినా, అంతా ఎండిపాయె. అయినా పిల్లోళ్లను పస్తు పెట్టలేదు, ఎట్లో జరిపించినాడు. పంట ఆయన ఇష్టం. ఇత్తేది మాత్రం మన పని.”

చిన్నరంగప్ప తడి మన్ను వైపు చూసి గొంతు తగ్గించాడు.

“నా చేని కోసరం గూడా ఆయప్పకు ఒక మాట చెప్పక్కా.”

“పొద్దున్నే చెప్పినా. ముందు నీ చేను చెప్పి, తర్వాతే నాది చెప్పినా.”

చిన్నరంగప్పకు నవ్వు ఆగలేదు. ఎద్దులను అదిలించాడు. మధ్యాహ్నానికి అతని చేను, పొద్దు గూకేలోగా ఆమె చేను విత్తడం అయిపోయింది.